విశ్వాసం, ఆదరణ మీద పిల్లల క్రాఫ్ట్ కిట్: ఏవి పనికొచ్చాయి, ఏవి పక్కన పెట్టాను

సండే స్కూల్లో పాఠం చెప్పడం కంటే పాఠం అయ్యాక పిల్లల చేతులకి ఏం పని పెట్టాలన్నదే నాకు ఎప్పుడూ పెద్ద టెన్షన్. కథ చెప్తున్నంతసేపూ నోళ్లు తెరుచుకుని వింటారు, కథ అయిన మరుక్షణం ఒకడు కుర్చీ కింద ఉంటాడు, ఇంకొకడు కిటికీ ఎక్కేస్తాడు. అందుకే "విశ్వాసం, ఆదరణ" (ఆదరణ అంటే కష్టంలో దేవుడిచ్చే ఓదార్పు) అనే అంశం మీద చేసిన ఈ క్రాఫ్ట్ కిట్ కనబడగానే మా క్లాసుకి తెప్పించాను. కంపెనీ పేరు రాయడం లేదు. కొంచెం తిట్టబోతున్నాను కాబట్టి అదొక కారణం, దాదాపు ఇవే బొమ్మలతో ఇలాంటి కిట్లు వేరే పేర్లతో కూడా దొరుకుతాయి కాబట్టి అదింకో కారణం. మీరు ఏది కొన్నా గొర్రె, ఇంద్రధనుస్సు, ఆవగింజ, పడవ ఎలాగూ ఉంటాయి.

డబ్బాలో తొమ్మిది రకాల క్రాఫ్టులు, 12 మంది పిల్లలకి సరిపడా సరుకు, టీచర్ కోసం ఒక చిన్న పుస్తకం, బైబిలు వాక్యాల కార్డులు ఉన్నాయి. 4 నుంచి 10 ఏళ్ల వరకు అని పైన రాశారు. నాలుగేళ్ల వాళ్లకీ పదేళ్ల వాళ్లకీ ఒకే క్రాఫ్ట్ ఎలా సరిపోతుందో వాళ్లకే తెలియాలి.

నేను క్రాఫ్ట్‌ని చూసే కొలత ఒక్కటే. పిల్లల చేతులు చేసే పని ఆ కథలో జరిగిన పనేనా? దాచడం, కప్పడం, ఎత్తుకోవడం, వెతకడం, పట్టుకోవడం, ఇలాంటిదేదైనా చేతుల్తో చేస్తే ఆ వాక్యం వాళ్లకి మళ్లీ గుర్తొస్తుంది. అందమైన బొమ్మ చేయించి దాని మీద ఒక వాక్యం అతికిస్తే బొమ్మ గుర్తుంటుంది, వాక్యం పోతుంది. ఈ కొలతతో చూస్తే ఈ కిట్‌లో రెండు చాలా బాగున్నాయి, మూడు నాలుగు కాస్త మార్చుకుంటే బాగుంటాయి, మిగతావి టైంపాస్.

ముందు పడవ సంగతి, ఎందుకంటే అందరూ కిట్ కొనేది దాన్ని చూసే. డబ్బా మీద బొమ్మ కూడా అదే. బైబిల్లో మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసు తుపానుని ఆపిన కథ. పేపర్ ప్లేటుని సగానికి మడిస్తే పడవ, నీలం అట్టముక్కలో అలల ఆకారంలో ఒక చీలిక, ఆ చీలికలో పడవని అటూ ఇటూ జరపాలి. ఐస్‌క్రీమ్ పుల్లలకి అతికించుకోడానికి యేసు బొమ్మ, శిష్యుల బొమ్మలు ముద్రించి ఇచ్చారు. పని చాలా తేలిక, ఐదేళ్ల పిల్ల కూడా ఎవరి సాయం లేకుండా చేసేస్తుంది, పడవ కదులుతుంటే కేరింతలే కేరింతలు. అంతవరకు బాగుంది.

బొమ్మలు చూడండి ఇక. శిష్యులందరూ నవ్వుతున్నారు! పడవలోకి నీళ్లు వచ్చేస్తున్నాయి, "మేము నశించిపోతున్నాం, నీకు చింత లేదా" అని అరిచిన మనుషులు వీళ్లు, కానీ ముద్రించిన మొహాలేమో పుట్టినరోజు ఫంక్షన్‌కి వచ్చినట్టున్నాయి. మా క్లాసులో ఒక బాబు అడిగేశాడు: "టీచర్, వీళ్లకి ఇంకా తుపాను వచ్చినట్టు తెలీదా?" యేసు బొమ్మ అయితే పడవ ముందు భాగంలో చేతులు చాచి నిలబడి ఉంది, అదొక్కటే ఇచ్చారు. కథలో ఆయన వెనక భాగంలో తలగడ మీద తల పెట్టి నిద్రపోతున్నాడు కదా, ఆ బొమ్మ లేదు. భయపడే పిల్లలకి ఈ కథలో అన్నిటికంటే పనికొచ్చే దృశ్యం అదే. తుపాను ఆగకముందు కూడా ఆయన అదే పడవలో ఉన్నాడు. ఆ ముక్క తీసేస్తే మిగిలేది మాయాజాలం లాంటి ఒక సంఘటన.

మేం ఏం చేశామంటే, శిష్యుల బొమ్మల్ని వెనక్కి తిప్పి ఖాళీ వైపున పిల్లల్నే మొహాలు గీయమన్నాం. అబ్బో, ఎన్ని రకాల భయాలో. ఒకడు నోరు చెవుల దాకా తెరిచి గీశాడు, ఒక పాప కళ్లు మూసుకున్న శిష్యుణ్ణి గీసి "ఈయన ప్రార్థన చేస్తున్నాడు, కానీ భయంగానే" అంది. యేసు కోసం చిన్న గుడ్డముక్క మడిచి తలగడ చేశాం, ఆ నిలబడ్డ బొమ్మనే దాని మీద పడుకోబెట్టాం. చేతులు చాచుకుని పడుకున్నట్టు కాస్త వింతగా ఉంది కానీ పిల్లలకి అదేం పట్టలేదు.

ఇంకో రెండు విషయాలు కిట్ పుస్తకంలో లేవు, మీరు కలుపుకోండి. ఒకటి, 4వ అధ్యాయం 36వ వచనంలో ఆయనతో పాటు వేరే దోనెలు (పడవలు) కూడా ఉన్నాయని ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పిల్లలందరి పడవల్నీ ఒక నీలం దుప్పటి మీద పెట్టి నలుగురు నాలుగు మూలలు పట్టుకుని ఊపితే ఆ వచనం కళ్ల ముందే జరుగుతుంది. "ఆగు, ఊరకుండు" అనగానే దుప్పటి కదలకుండా పట్టుకోవాలి. రెండోది, ఈ కథ జరిగిన గలిలయ సముద్రంలో 1986లో నీళ్లు బాగా తగ్గినప్పుడు ఒడ్డు బురదలో యేసు కాలపు పడవ ఒకటి బయటపడింది. 8 మీటర్లకి కొంచెం పైగా పొడవు, 2.3 మీటర్ల వెడల్పు. యేసు ఎక్కింది అదే అని ఎవరూ చెప్పడం లేదు, కానీ అలాంటి పడవలే అప్పుడు తిరిగేవి. దారంతో నేల మీద ఆ కొలత పరిచి పదమూడు మందిని అందులో కూర్చోమంటే ఎంత ఇరుకో పెద్ద పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. ఆ సముద్రం నిజానికి ఒక మంచినీటి సరస్సు, సముద్రమట్టానికి 200 మీటర్లకి పైగా కింద, చుట్టూ కొండల మధ్య ఉంటుంది, అందుకే గాలి ఉన్నట్టుండి దిగుతుంది. పదేళ్ల వాళ్లు పడవ బొమ్మ చేయడానికి మొహం మాడ్చుకుంటారు, ఇవి చెప్తే మాత్రం ముందుకొచ్చి కూర్చుంటారు.

ఈ క్రాఫ్ట్ దగ్గరే నాకు పుస్తకంతో గొడవ మొదలైంది. "నీకు విశ్వాసం ఉంటే యేసు నీ తుపానుని ఆపుతాడు" అని పిల్లల చేత చెప్పించమని రాశారు. మార్కు చెప్పిన వరుస అలా లేదు. ముందు గాలి ఆగింది, ఆ తర్వాతే "మీరెందుకు భయపడుతున్నారు, ఇంకా నమ్మిక లేదా" అని అడిగాడు. మత్తయి 8లో వరుస వేరు, అక్కడ మాట ముందు, గాలి తర్వాత. కాబట్టి దీన్నొక సూత్రం చేయను. కానీ అక్కడ కూడా వాళ్ల విశ్వాసం చాలదని చెప్పాకే గాలిని ఆపాడు, మీ విశ్వాసం సరిపోయాక ఆపుతాను అనలేదు. నీళ్ల మీద నడవబోయిన శిష్యుడు పేతురు మునిగిపోతుంటే కూడా అంతే, మత్తయి 14లో వెంటనే చెయ్యి చాపి పట్టుకున్నాడు, అల్ప విశ్వాసీ అన్నది పట్టుకున్నాకే. ఈ తేడా పెద్దవాళ్ల వాదన అనుకోకండి. ఇంట్లో ఏదో కష్టం ఉన్న పిల్లవాడికి "నీకు విశ్వాసం ఉంటే ఆగుతుంది" అని నేర్పి పంపితే, అది ఆగనప్పుడు తప్పు తనదే అనుకుంటాడు. విశ్వాసాన్ని ఆదరణకి టికెట్‌లాగా చూపించడం ఈ కిట్ పుస్తకమంతా ఉంది. క్రాఫ్టులు బాగుండి పుస్తకం బాగోకపోవడం అంటే ఇదే.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన దాని గురించి. కన్నీటి బుడ్డి. డబ్బా మీద దీని బొమ్మ కూడా వేయలేదు, లోపల అడుగున ఉంది. 56వ కీర్తనలో దావీదు, నా కన్నీళ్లు నీ బుడ్డిలో ఉన్నాయి, నీ కవిలెలో (లెక్కల పుస్తకంలో) రాసి ఉన్నాయి అని దేవుడితో అంటాడు. శత్రువులైన ఫిలిష్తీయులు గాతు అనే ఊళ్లో తనని పట్టుకున్నప్పటి కీర్తన అని పైన ఉంటుంది. భయపడి దిక్కు తోచని దావీదు అన్నమాట, గొల్యాతుని కొట్టిన దావీదే. పిల్లలకి ఈ దావీదు అస్సలు తెలీదు, వాళ్లకి తెలిసింది వడిసెల దావీదు.

క్రాఫ్ట్ ఏమిటంటే, బుడ్డి ఆకారంలో కత్తిరించిన రెండు పలచని అట్టలు, ముందుదానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీ. మూడు వైపులా అతికించి పైన తెరిచి ఉంచాలి. నీలం కాగితంతో చేసిన కన్నీటి చుక్కలు విడిగా ఒక కవర్లో ఉన్నాయి. ఒక్కో చుక్క మీద తనకి ఏడుపు వచ్చిన సంగతి ఒకటి రాయాలి లేదా గీయాలి, బుడ్డిలో వేయాలి. కిటికీ లోంచి చుక్కలు కనబడతాయి గానీ రాసింది ఎవరికీ కనబడదు, ఎందుకంటే చుక్కలు లోపల ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇది కావాలని చేశారో అనుకోకుండా కుదిరిందో తెలీదు, చాలా మంచి ఆలోచన. సిగ్గుపడే పిల్లలు కూడా రాశారు. చదవమని అడగకండి దయచేసి. "మీరు వేయండి, ఆయన లెక్కపెట్టుకుంటాడు" అంటే చాలు.

ఈమధ్యే అమ్మమ్మని పోగొట్టుకున్న ఒక పాప ఉంది మా క్లాసులో. ఎవరు కలిసినా "ఏడవకూడదమ్మా, అమ్మమ్మ దేవుడి దగ్గర ఉంది" అనే మాటే. ఆ పాప చుక్కలన్నీ వాడేసి ఇంకా కావాలని అడిగింది. నీలం కాగితం ఇంకో షీట్ ఇచ్చాం, తనే కత్తిరించుకుంది, బుడ్డి ఉబ్బిపోయి అంచు విడిపోయింది, టేపు వేశాం. తర్వాత వాళ్లమ్మ గారు నాతో అన్నారు, ఇంటికి వెళ్లాక బుడ్డి పక్కన పెట్టుకుని మొదటిసారి అమ్మమ్మ గురించి మాట్లాడిందట. ఈ ఒక్కదాని కోసం కిట్ కొనొచ్చా అంటే, నిజం చెప్పాలంటే అక్కర్లేదు, రెండు అట్టలు, ఒక పాత ప్లాస్టిక్ కవర్ ముక్క ఉంటే మీరే చేసుకోవచ్చు. కానీ ఆలోచన వాళ్లది, ఆ మార్కులు వాళ్లకే.

దీనికి తోడుగా యోహాను 11 చెప్పండి. చనిపోయిన స్నేహితుడు లాజరుని లేపడానికి వెళ్తున్నానని యేసు ముందే శిష్యులతో అన్నాడు, ఏం జరగబోతోందో ఆయనకి తెలుసు, అయినా సమాధి దగ్గరికి వెళ్లేముందు కన్నీళ్లు విడిచాడు. ఏడుపు వస్తే విశ్వాసం లేనట్టు కాదని ఇంతకంటే బాగా చెప్పే కథ ఇంకోటి నాకు దొరకలేదు. పుస్తకంలో ఈ కథ ఎక్కడా లేదు, విచిత్రం.

రెండో మంచి క్రాఫ్ట్ రెక్కలు. 91వ కీర్తన 4వ వచనం, ఆయన తన రెక్కలతో నిన్ను కప్పును. పిల్లలు తమ రెండు అరచేతుల్నీ కాగితం మీద పెట్టి చుట్టూ గీసుకుని, కత్తిరించి, తల్లికోడి బొమ్మకి రెండు వైపులా రెక్కల్లా అతికించాలి. కిట్ సూచనల్లో రెక్కలని మొత్తం జిగురు రాసి అతికించమన్నారు. అలా చేస్తే అది వట్టి కోడి బొమ్మ. పై అంచు మాత్రమే అతికించండి, రెక్క తెరిచి మూసేలా ఉండాలి. దాని కింద పిల్ల తన బొమ్మ గీసుకుని పెట్టుకుంటే, రెక్క మూసిన ప్రతిసారీ తన చేతులే తనని కప్పుతాయి, అదొక తమాషా. తమ్ముణ్ణి కూడా లోపల పెట్టొచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు, స్కూల్ బ్యాగ్ గీసి పెట్టినవాడు కూడా ఉన్నాడు, ఎందుకో అడగలేదు. యేసు కూడా యెరూషలేముని చూసి, కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నాను గానీ మీరు ఒల్లకపోయారు (ఇష్టపడలేదు) అన్నాడు, మత్తయి 23:37. పెద్ద పిల్లలకి ఇది చెప్తే "ఒల్లకపోయారు" దగ్గర ఆగి ఆలోచిస్తారు. రూతు కథలో ఆమెని ఆదుకున్న బోయజు కూడా ఆమె గురించి రెక్కల కింద ఆశ్రయం అనే మాటే వాడతాడు.

ఇక్కడ కూడా పుస్తకం ఒక మాట జారింది. "దేవుడి రెక్కల కింద ఉంటే నీకు ఏ దెబ్బా తగలదు" అట. ఇదే కీర్తనలోని మాటలు ఎత్తి చూపించే కదా సాతాను యేసుని దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్నాడు! యేసు ఆ వాడుకని ఒప్పుకోలేదు. మోకాలు చీరుకుపోయిన పిల్లవాడు మరుసటి ఆదివారం వచ్చి అడిగితే ఏం చెప్తారు? ఆ వాక్యం కొట్టేసి నేను ఇలా చెప్పాను: కోడి రెక్కలు చాపినా వాన ఆగదు, పిల్లలతో పాటు అది కూడా తడుస్తుంది, అయినా రెక్క తీయదు.

గొర్రె. ప్రతి కిట్‌లోనూ ఉండే దూది గొర్రె. 23వ కీర్తన. చిన్నపిల్లలకి దూది అంటే ఇష్టం, అది మెత్తగా ఉండటం ఇష్టం, జిగురులో ముంచి నలపడం ఇంకా ఇష్టం. జిగురు ఎక్కువైతే దూది తడిసి అణిగిపోయి ఉన్ని పోయిన గొర్రె మిగులుతుంది, అందుకని ఉండల్ని విడదీసి చిన్న చిన్న పోగులుగా ఇవ్వండి, జిగురు మీరే చుక్కలుగా పెట్టండి. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. కిట్‌లో గొర్రె ఉంది, కాపరి లేడు. కర్ర కూడా లేదు. ఆ కీర్తనలో "నన్ను ఆదరించును" అన్నది దేని గురించి? పచ్చిక గురించి కాదు, దుడ్డుకర్ర, దండం గురించి. గాఢాంధకారపు లోయలో గొర్రెకి ధైర్యం వచ్చేది కాపరి చేతిలో కర్ర చూసే. దావీదు రాజైన సౌలుతో ఎలుగుబంటినీ సింహాన్నీ చంపిన సంగతి చెప్పాడు కదా, గొర్రెల్ని కాయడమంటే ఆ పని కూడా. మెత్తదనం ఒక్కటే ఆదరణ అని పిల్లలకి నేర్పితే సగమే నేర్పినట్టు. ఒక పుల్ల, వంపు తిరిగిన తీగ ముక్క కలిపి గొర్రె పక్కన నిలబెట్టించాను, నల్ల కాగితం మడిచి లోయ చేశాం, గొర్రె ఆ లోయలోంచి నడవాలి, కర్ర ముందు నడవాలి. అబ్బాయిలు దూది గొర్రె మాకొద్దు అని మొరాయించిన వాళ్లే లోయకి ఎలుగుబంటిని కూడా కట్టారు.

ఆవగింజ కార్డులో పెద్ద పొరపాటే ఉంది. కార్డు మీద మత్తయి 17:20 అని వేసి, కింద పిట్టలు వాలిన పెద్ద చెట్టు బొమ్మ వేశారు. 17:20లో చెట్టు లేదు, అక్కడ ఆవగింజంత విశ్వాసం ఉంటే కొండ జరుగుతుంది. చెట్టు, పిట్టలు 13వ అధ్యాయంలో, అది పరలోక రాజ్యం గురించిన ఉపమానం. లూకా 17:6లో చెట్టు ఉంది కానీ అది కంబళిచెట్టు, సముద్రంలో నాటుకోవాల్సిన చెట్టు. మూడింటినీ కలిపి ఒక కార్డు చేసేశారు. పిల్లలు గమనించరులే అనుకోవచ్చు, మా క్లాసులో బైబిలు తీసి చూసే ఒక పదేళ్ల అమ్మాయి ఉంది, ఆ అమ్మాయి గమనించింది. కార్డు తిప్పేసి ఖాళీ వైపు కొండ గీయించి, ఒక మూలన గింజ అతికించాం. గింజ ఒకటి రెండు మిల్లీమీటర్లే కదా, జిగురు పుల్లతో అంటుకోదు, దొర్లిపోతుంది, తెల్ల జిగురు చుక్క పెట్టి దానిమీద వేయాలి, ఆరేదాకా కార్డు ఎత్తకూడదు. గింజ పోయిందని ఏడ్చినవాడికి ఇంకోటి ఇచ్చేయండి, కావాలంటే గుప్పెడు ఉంటాయి.

ఇంద్రధనుస్సు, జలప్రళయం తర్వాతి నోవహు కథ. రంగు రిబ్బన్లు, రెండు వైపులా తెల్ల దూది మబ్బులు. బాగుంటుంది, గోడకి వేలాడదీసుకోవచ్చు, అంతకంటే చెప్పడానికేమీ లేదు. ఒక్క సలహా, మబ్బులకి కాస్త బూడిద రంగు పూయించండి, ఎందుకంటే ఆదికాండం 9లో ధనుస్సు కనబడేది ఆయన భూమి మీదికి మబ్బు రప్పించినప్పుడు. నిజంగా చూసినా వాన ఎదురుగా ఉండి సూర్యుడు మన వీపు వెనక ఉన్నప్పుడే కనబడుతుంది. సింహాల గుహలో పడేసిన దానియేలు పాఠానికి సింహం మాస్కులు ఇచ్చారు. అందరూ సింహాలే అయ్యారు, దానియేలు అవుతానన్నవాడు ఒక్కడు లేడు. గుహ నిండా గర్జనలు తప్ప ప్రార్థన వినబడలేదు. సరదాకి సరదా, పాఠానికి మాత్రం సున్నా.

విశ్వాసపు డాలు, ఎఫెసీ 6:16. ఇచ్చిన డాలు పళ్లెమంత గుండ్రంగా ఉంది. రోమా సైనికుడి పెద్ద డాలు దాదాపు మీటరు ఎత్తు ఉండేది, మనిషి దాని వెనక ఒదిగిపోయేవాడు. పళ్లెం డాలు ఇస్తే అబ్బాయిలు దాంతో కొట్టుకుంటారు, అదే జరిగింది. మేం పాత అట్టపెట్టెలు విప్పి పెద్ద డాళ్లు చేశాం, నలుగురు పక్కపక్కన నిలబడి గోడ కట్టాలి, మిగతావాళ్లు తమ భయాలు కాగితం మీద రాసి ఉండచుట్టి విసరాలి. చీకటి, కుక్కలు, లెక్కల పరీక్ష, "నాన్న కోపం", అన్నీ వచ్చి అట్టకి తగిలి కింద పడ్డాయి. కింద పడినవాటిని ఏరుకుని ఒక్కోదాని కోసం ప్రార్థన చేశాం. "నాన్న కోపం" అన్న కాగితం ఎవరిదో నాకు తెలుసు, ఆ పిల్లవాడితో తర్వాత విడిగా మాట్లాడాను. ఇలాంటివి బయటికొచ్చినప్పుడు ప్రార్థనతో ఆపేయకుండా సంఘంలో ఆ బాధ్యత చూసే పెద్దవాళ్లకి చెప్పాల్సి రావచ్చు, టీచర్లు దానికి సిద్ధంగా ఉండండి. కిట్ పుస్తకంలో దీని గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

చివరిది ఐదు రంగుల పూసల బ్రేస్‌లెట్. నలుపు పాపం, ఎరుపు యేసు రక్తం, తెలుపు శుద్ధి, ఆకుపచ్చ ఎదుగుదల, బంగారు రంగు పరలోకం. ఇది చాలా పాత పద్ధతి, 1866లో స్పర్జన్ అనే పేరున్న ప్రసంగీకుడు లండన్‌లో నలుపు, ఎరుపు, తెలుపు మూడే రంగుల పేజీలున్న మాటలు లేని పుస్తకం గురించి ప్రసంగించాడు, బంగారం, ఆకుపచ్చ తర్వాత చేరాయి. సువార్త చెప్పడానికి దాని ఉపయోగం దానికి ఉంది. కానీ ఆదరణ కిట్‌లో దీనికేం పని? పైగా నలుపు అంటే పాపం అని చెప్పగానే నల్లగా ఉన్న ఒక పాప తన చెయ్యి చూసుకుంది. నేను అక్కడే ఆపేశాను. యెషయా 1:18లో పాపాలు ఎర్రగా ఉన్నాయి, నల్లగా లేవు, కాబట్టి ఆ రంగుని పట్టుకుని వేలాడాల్సిన అవసరం ఏమీ లేదు. నల్ల పూసని రాత్రి అని చెప్పి, రాత్రిలోనూ ఆయన తోడు అని కథ మార్చేశాను, అలా అయితే ఆదరణకీ కుదిరింది. దారం కొస విడిపోయి పూస ఎక్కదు, కొసకి టేపు చుట్టి సూదిలా చేసి ఇవ్వండి, సగం కేకలు తగ్గుతాయి.

పూసల గురించే ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. 4 ఏళ్లు అని డబ్బా మీద రాసినా సండే స్కూల్‌కి చంకలో తమ్ముడో చెల్లెలో వస్తారు. 3 ఏళ్లలోపు పిల్లలకి చిన్న వస్తువులు ప్రమాదమా కాదా అని చూసే కొలత గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా పట్టేసే ఏ వస్తువైనా గొంతుకి అడ్డం పడొచ్చు. టాయిలెట్ పేపర్ చుట్టే అట్ట గొట్టం దానికంటే కొంచెం వెడల్పు, అందులోంచి పడేది ఏదైనా చిన్నవాళ్లకి అందకుండా పెట్టండి. పూసలు, గొర్రెకి ఇచ్చిన కదిలే కళ్లు, రెండూ పడతాయి. డబ్బా మీద హెచ్చరిక ఉంది కానీ అడుగు భాగంలో, చీమ తలంత అక్షరాల్లో.

సరుకు నాణ్యత మధ్యస్తం. పేపర్ ప్లేట్లకి మెరుపు పూత ఉంది, దాని మీద క్రేయాన్ పట్టదు, జిగురు ఆరాక ఊడొచ్చేస్తుంది, మామూలు పూత లేని ప్లేట్లు మీరే తెచ్చుకోవడం మేలు. మొండి కొస కత్తెరలు మంచివే గానీ ఇచ్చిన మందం అట్టని కోయలేవు, నేను ముందురోజు రాత్రి కూర్చుని కోయాల్సి వచ్చింది, అలాంటప్పుడు "పిల్లలే చేసుకోగలరు" అని రాయడం ఎందుకు? ఎడమచేతి వాటం పిల్లలకి ఒక్క కత్తెర కూడా లేదు. మామూలు కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే పై రేకు గీతకి అడ్డం వస్తుంది, పాపం వాళ్లు వంకరగా కోసి తమకి రాదనుకుంటారు. జిగురు చేతికి అంటితే అల్లాడిపోయే పిల్లలు కూడా ఉంటారు, వాళ్లకి టేపు ఇచ్చేయండి, బలవంతం వద్దు.

వాక్యాల కార్డుల్లో తెలుగు ముద్రణ ఘోరం. కొన్ని కార్డుల మీద ఒత్తులు విడిపోయి పక్కన కూర్చున్నాయి, గుణింతం గుర్తులు వేరే అక్షరం కిందికి వెళ్లిపోయాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లోనో అతికించి, తెలుగు చదవగలిగినవాళ్లకి ఒక్కసారి కూడా చూపించకుండా ముద్రించేసినట్టుంది. ఇప్పుడిప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలు కూడబలుక్కుని చదవబోయి ఆగిపోయారు. కంఠత వాక్యాలు నేను మళ్లీ చేత్తో రాసిచ్చాను. కార్డులు వెనక్కి తిప్పి బొమ్మలు గీసుకోడానికి వాడుకున్నాం, ఆ మాటకొస్తే ఈ కిట్‌లో ఖాళీ వైపులు బాగా పనికొచ్చాయి.

ఎవరు కొనొచ్చు? కొత్తగా క్లాసు తీసుకున్న టీచర్లు, పాఠానికి క్రాఫ్ట్ ఎలా కలపాలో తెలీనివాళ్లు, వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిలు బడి) దగ్గరపడి అట్టలు కోసే టైం లేనివాళ్లు కొనుక్కోండి, పుస్తకాన్ని మాత్రం నమ్మకండి, ఒక్కో కథ బైబిల్లో చదివి మీ మాటల్లో చెప్పండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలతో చేసుకునేవాళ్లకి ఇంత పెద్ద డబ్బా దండగ. కన్నీటి బుడ్డి, రెక్కలు, కర్ర ఉన్న గొర్రె, ఈ మూడూ ఇంట్లో ఉండే కాగితాలతోనే అయిపోతాయి. ఇప్పటికే చాలా ఏళ్లుగా చెప్తున్న టీచర్లయితే పక్క క్లాసువాళ్ల కిట్ తీసుకుని బుడ్డి అచ్చు గీసుకుంటే సరిపోతుంది.

5కి 3 ఇస్తున్నాను. తుపాను పడవకి భయపడే మొహాలు, పడుకున్న యేసు బొమ్మ పెట్టి, ఆవగింజ కార్డు సరిచేసి, తెలుగు సరిగ్గా ముద్రించి మళ్లీ వదిలితే ఇంకో మార్కు కలుపుతాను. డబ్బాలో ఇచ్చిన జిగురు ట్యూబులు మాత్రం అస్సలు తెరవకండి, మూతలు సరిగ్గా పట్టవు, ఒకటి సంచిలో కారి హాజరు పుస్తకం పేజీలన్నీ కలిపి అతికించేసింది.